1వ ఆర్మర్డ్ డివిజన్ చరిత్రను వంతెనలతో, పెట్రోలుతో సహా రాయండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తక రచయితలకూ, పురావస్తు, మ్యూజియంల శాఖల అధికారులకూ, కూడళ్లలో పాత ట్యాంకులు నిలబెట్టే పురపాలక సంఘాలకూ బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

1948 సెప్టెంబరు 13న షోలాపూర్ వైపు నుంచి హైదరాబాద్ సంస్థానంలోకి దిగిన ప్రధాన బలగం భారత సైన్యపు 1వ ఆర్మర్డ్ డివిజన్, అంటే ట్యాంకులే ముఖ్య బలంగా ఉన్న డివిజన్. 18వ తేదీ సాయంత్రం హైదరాబాద్ సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్ లొంగిపోయింది ఆ డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ జయంతో నాథ్ చౌధురికి. సుమారు 300 కిలోమీటర్ల దారి, ఐదు రోజుల పోరు. పదిహేడేళ్ల తర్వాత, 1965 సెప్టెంబరు 8న, అదే డివిజన్ జమ్మూ ప్రాంతంలోని సాంబా వైపు నుంచి పాకిస్తాన్‌లోకి, సియాల్‌కోట్ జిల్లాలోకి దిగింది. అప్పటికి చౌధురి యావత్ భారత సైన్యానికీ అధిపతి. ఈసారి డివిజన్ పదిహేను రోజులు పోరాడి, సరిహద్దుకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న చవిండా ముందు ఆగిపోయింది. ఆ ఊరు చేతికి రాలేదు.

మన పాఠాల్లో మొదటి సంగతి రెండు వాక్యాల్లో ముగుస్తుంది. రెండోది చాలాచోట్ల ఉండదు, ఉన్నచోట పేర్లన్నీ కలగాపులగం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, ఒకచోట అంత వేగంగా ఎలా సాగింది, మరోచోట ఎందుకు ఆగింది అన్నది కారణాలతో సహా చెప్పండి. సైనిక చరిత్ర చదివేవాళ్లుగా, బోధించేవాళ్లుగా మేం అడుగుతున్నది ఇదే. తెలుగు పిల్లలకు ఈ డివిజన్ పరాయిది కాదు. అది నడిచిన దారి పక్కన మన ఊళ్లున్నాయి. అది ఎదుర్కొన్న సైన్యంలో పనిచేసిన ఒక అధికారి తర్వాత అదే డివిజన్‌లో ప్రాణమిచ్చి పరమవీరచక్ర పొందాడు.

పుట్టుక గురించి రెండు మాటలు చాలు. 1940లో బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఏర్పడి, కొంతకాలానికి 31వ ఇండియన్ ఆర్మర్డ్ డివిజన్‌గా పేరు మార్చుకుంది. ఇరాక్, సిరియా, ఈజిప్ట్ వంటి చోట్ల కాపలా బలగంగా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మొత్తం డివిజన్‌గా జర్మన్లతో పెద్ద పోరు ఏదీ చేయలేదు. 1945లో మళ్లీ 1వ ఆర్మర్డ్ డివిజన్ అయింది. కాబట్టి ‘ఆఫ్రికా ఎడారుల్లో జర్మన్ సేనాని రొమ్మెల్‌ను ఓడించిన డివిజన్’ వంటి మాటలు బోర్డుల మీదికి రానివ్వకండి. ఆ ఘనత వేరే భారతీయ డివిజన్లది, వాటిలోనూ ఎక్కువ పదాతి దళాలవి.

ఇక 1948. దీన్ని ట్యాంకుల యుద్ధంగా చూపించే బొమ్మలు పాఠాల్లోంచి తీసేయాలి. అప్పటి భారత సైన్యం దగ్గర ఉన్నవి 30 టన్నులు దాటిన షెర్మన్ మధ్యతరహా ట్యాంకులూ, దాదాపు అందులో సగం బరువుండే స్టువర్ట్ తేలికపాటి ట్యాంకులూ. నిజాం సైన్యానికి బలమంతా సాయుధ కార్లలో ఉంది. హంబర్, స్టాగ్‌హౌండ్ అనే చక్రాల బండ్లవి. పలుచని ఉక్కు, చిన్న ఫిరంగి. షెర్మన్ ఎదురుగా నిలిచేవి కావు. నిజాం సైన్యంలో ఇరవై వేలకు పైగా మనుషులున్నా, పూర్తి శిక్షణ, ఆయుధాలు ఉన్నవాళ్లు ఆరు వేల మంది అని లెక్క. కాబట్టి ‘ఎవరి ట్యాంకు గొప్పది’ అన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. అసలు ప్రశ్న రోడ్డుది.

సెప్టెంబరులో షోలాపూర్ నుంచి బీదర్ దాకా నేల ఎలా ఉంటుందో రైతును అడిగితే చెబుతాడు. వాన పడిన నల్లరేగడిలో లారీ ఇరుసుదాకా కూరుకుపోతుంది. ట్యాంకు ఎలాగో బయటపడినా, దాని వెనక పెట్రోలు, గుండ్లు, పదాతి జవాన్లు మోసుకొచ్చే వందల లారీలు బయటపడలేవు. కాబట్టి డివిజన్ మొత్తం ఒక్క రోడ్డుకు కట్టుబడి ఉంటుంది. ఆ రోడ్డు మీద వంతెన కూలితే అంతా అక్కడే ఆగుతుంది. దక్షిణ కమాండ్‌లో లెఫ్టినెంట్ జనరల్ గొడ్డార్డ్ తయారుచేసిన పథకం ఈ ఇబ్బందిని దృష్టిలో పెట్టుకున్నదే. బలగాన్ని స్ట్రైక్ ఫోర్స్, స్మాష్ ఫోర్స్, కిల్ ఫోర్స్, వీర్ ఫోర్స్ అని నాలుగు ముక్కలు చేశారు. మొదటిది వేగంగా కదిలే పదాతి, తేలికపాటి బండ్లది. రెండోది ట్యాంకులు, ఫిరంగులది. మూడోది పదాతి, ఇంజనీర్లది. నాలుగోదాంట్లో పదాతితో పాటు ట్యాంకు వ్యతిరేక ఫిరంగులు, మళ్లీ ఇంజనీర్లు. రెండు ముక్కల్లో ఇంజనీర్లు ఉండటం గమనించండి. దారిలో వంతెనలు ఎన్నున్నాయో లెక్కవేసుకున్న పథకం అది.

తొలిరోజు పాఠమంతా నల్‌దుర్గ్‌లో ఉంది. అక్కడ బోరీ నది మీది వంతెనను 7వ బ్రిగేడు చెక్కుచెదరకుండా పట్టుకుంది. ఆ తర్వాతే 2వ సిక్కు పదాతి దళం, 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ కాపు కాస్తున్న స్థావరాల మీదికి వెళ్లింది. వంతెన నిలిచింది కాబట్టే ఉదయం తొమ్మిదికల్లా ట్యాంకులు ఎనిమిది కిలోమీటర్ల అవతలి జల్‌కోట్‌లో ఉన్నాయి. మధ్యాహ్నం 3.15కు సరిహద్దుకు 61 కిలోమీటర్ల లోపల ఉమర్గాలో ఉన్నాయి. ఆ వంతెన పేలిపోయి ఉంటే మొదటి రోజు లెక్క పదికో పదిహేనుకో ఆగిపోయేది. రెండో రోజు రాజేశ్వర్ దారిలో పొంచి ఉన్న దళాల మీద టెంపెస్ట్ విమానాలు దాడి చేసి దారి తెరిచాయి. నాలుగో రోజు జహీరాబాద్ దగ్గర మందుపాతరలు నడకను మందగింపజేశాయి. బీదర్ రోడ్డు కూడలిలో కాల్పులు ఎదురైతే, వాటి సంగతి చూసుకోమని కొంత బలగాన్ని అక్కడ వదిలి మిగతాది ముందుకు పోయింది. ఎదురైన ప్రతి అడ్డంకి దగ్గరా అందరూ ఆగకపోవడం కూడా ఆ వేగానికి కారణమే. దీన్ని పాఠంలో తప్పకుండా రాయండి.

లెక్కల మాస్టారు కూడా వాడుకోగలిగిన ఒక అంశం పెట్రోలు. షెర్మన్ రోడ్డు మీద కిలోమీటరుకు సుమారు మూడున్నర లీటర్లు తాగుతుంది. 14 ట్యాంకుల స్క్వాడ్రన్ 300 కిలోమీటర్లు నడవాలంటే 14,700 లీటర్లు. పొలాల్లో తిరగడం, ఆగి ఇంజను తిప్పుతూ ఉండటం ఇందులో కలపలేదు. ఆ పెట్రోలంతా డబ్బాల్లో, లారీల మీద, అదే ఒక్క రోడ్డు మీద, ట్యాంకుల వెనకే రావాలి. పిల్లల చేత ఈ గుణకారం చేయిస్తే ‘ఐదు రోజుల్లో’ అన్న మాట బరువు వాళ్లకే తెలుస్తుంది.

తూర్పు వైపు దారి మనకు ఇంకా దగ్గరిది. బెజవాడ నుంచి మేజర్ జనరల్ అజిత్ రుద్ర నడిపించిన దళం 1వ ఆర్మర్డ్ డివిజన్‌లో భాగం కాదు. ఈ తేడా ప్రతి బోర్డులోనూ స్పష్టంగా ఉండాలి. అందులో ప్రధానంగా 2/5 గూర్ఖా రైఫిల్స్, 17 పూనా హార్స్ అనే రెజిమెంటు నుంచి ఒకే ఒక ట్యాంకు స్క్వాడ్రన్, కొన్ని ఫిరంగులు, ఇంజనీర్లు. తొలిరోజు నిజాం అశ్వికదళాలైన 2వ, 4వ హైదరాబాద్ లాన్సర్స్ సాయుధ కార్లు అడ్డుకున్నా ఉదయం 8.30కు కోదాడ, మధ్యాహ్నానికి మునగాల చేరింది. మర్నాడు ట్యాంకులు దాటకుండా తవ్విన కందకం ఆలస్యం చేసింది. తర్వాత సూర్యాపేటకు ఆరు కిలోమీటర్ల దూరంలో గుట్టల మీద నుంచి 1వ లాన్సర్స్, 5వ ఇన్‌ఫాంట్రీ గట్టిగా కాల్చాయి. ఆ గుట్టలను పట్టింది ట్యాంకులు కాదు, కాలినడకన ఎక్కిన గూర్ఖాలు. ఆపైన వెనక్కి తగ్గుతూ హైదరాబాద్ దళాలు మూసీ వంతెనను కూల్చాయి. కానీ కూలిన వంతెన మీద తుపాకి గురిపెట్టి ఎవరినీ కాపలా ఉంచలేదు. ఇంజనీర్లు తొందరగా బాగుచేసుకుని దాటారు. అడ్డంకి పెట్టడం ఒక ఎత్తు, దాన్ని కాల్పులతో కాపాడటం మరో ఎత్తు. కాల్పుల అండ లేని అడ్డంకి గంటలే ఆపుతుంది. అండ ఉన్నది రోజులు ఆపుతుంది. దీన్ని అర్థం చేయించడానికి మూసీ వంతెన కంటే మంచి ఉదాహరణ మన నేల మీద లేదు.

షోలాపూర్ దారీ, బెజవాడ దారీ రెండూ ఇవాళ ఒకే 65వ నంబరు జాతీయ రహదారి. జహీరాబాద్, నార్కట్‌పల్లి, మూసీ వంతెన, సూర్యాపేట, మునగాల, కోదాడ దగ్గర ఒక్కొక్క బోర్డు పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. రోజూ వేల మంది ఆ చోట్లు దాటిపోతున్నారు, అక్కడ ఏం జరిగిందో తెలియకుండానే.

ఇదే అధ్యాయంలో తర్వాతి సంగతి దాచకండి. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాక కథ ఆగిపోలేదు. చౌధురి సైనిక గవర్నర్ అయి 1949 డిసెంబరు దాకా పాలించారు. ఆ కాలంలోనే సైన్యం తెలంగాణ సాయుధ పోరాట దళాల మీదికి మళ్లింది. ఆ పోరాట విరమణ 1951 అక్టోబరు దాకా రాలేదు. మరోవైపు, పోలీసు చర్య సమయంలోనూ ఆ వెంటనేనూ, ముఖ్యంగా మరాఠ్వాడా, బీదర్ ప్రాంతాల్లో ముస్లింల మీద ఘోరమైన హింస జరిగింది. కేంద్రం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. కొన్నిచోట్ల సైనికులూ పోలీసులూ దోపిడీల్లో పాలుపంచుకున్న ఉదాహరణలను నమోదు చేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందలేదు. రజాకార్ల దౌర్జన్యాలు రాసే పేజీలోనే ఇదీ ఉండాలి. ఒకటి రాసి ఒకటి వదిలేస్తే పిల్లలకు సగం చరిత్రే అందుతుంది.

ఇప్పుడు ఆర్దేశిర్ బుర్జోర్జీ తారాపూర్ గురించి. హైదరాబాద్‌లో ఫస్ట్ లాన్సర్ అనే బస్తీ తెలియనివాళ్లు తక్కువ. నిజాం అశ్వికదళం పేరు అది. తారాపూర్ 1942లో హైదరాబాద్ సైన్యంలో 7వ ఇన్‌ఫాంట్రీలో చేరారు. శిక్షణలో ఒక కొత్త జవాను విసిరిన గ్రెనేడు సరిగా పడకపోతే, దాన్ని తీసి అవతలికి విసిరేసి ప్రాణాలు కాపాడారు. అది చూసిన ఎల్ ఎడ్రూస్ ఆయన్ను 1వ హైదరాబాద్ లాన్సర్స్‌లోకి మార్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియాలో పనిచేశారు. సంస్థానం విలీనమయ్యాక, 1951లో భారత సైన్యపు పూనా హార్స్‌లోకి వచ్చారు. బెజవాడ రోడ్డు మీద 1948లో తమ లాన్సర్స్‌కు ఎదురొచ్చిన రెజిమెంటు అదే. 1965లో దాని కమాండింగ్ ఆఫీసర్ ఆయనే. తమతో పోరాడిన సైన్యపు అధికారిని రెజిమెంటు తనలో కలుపుకుంది, పద్నాలుగేళ్లకు తన పగ్గాలు అప్పగించింది. తెలుగు పాఠంలో దీనికి చోటు లేకపోతే ఇంక దేనికి చోటు ఇస్తాం? ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. 1వ లాన్సర్స్ సూర్యాపేట దగ్గర ఉన్నంత మాత్రాన తారాపూర్ స్వయంగా అక్కడ పోరాడారని రాయకూడదు. రెజిమెంటు ఉన్న చోటు వేరు, ఒక మనిషి ఉన్న చోటు వేరు.

ఈ తేడాలు పట్టుబడాలంటే డివిజన్ అంటే ఏమిటో ఒక పట్టికైనా ఇవ్వాలి. మూడు ట్యాంకులు ఒక ట్రూపు. నాలుగు ట్రూపులూ, హెడ్‌క్వార్టర్స్ ట్యాంకులు రెండూ కలిస్తే 14, అది స్క్వాడ్రన్. మూడు స్క్వాడ్రన్లకు రెజిమెంటు హెడ్‌క్వార్టర్స్ ట్యాంకులు మూడు కలిపితే 45, అది రెజిమెంటు. కొన్ని రెజిమెంట్లు ఒక ఆర్మర్డ్ బ్రిగేడు. దానికి లారీల మీద నడిచే పదాతి బ్రిగేడు, ఫిరంగి దళాలు, ఇంజనీర్లు, మరమ్మతు వర్క్‌షాపులు, సరఫరా కంపెనీలు జోడిస్తే డివిజన్. పేరూ, జెండా, సంప్రదాయం శాశ్వతంగా ఉండేవి రెజిమెంటుకు. డివిజన్‌లోకి రెజిమెంట్లు వస్తుంటాయి, పోతుంటాయి. అందుకే పూనా హార్స్ చేసిన ప్రతి పోరూ 1వ ఆర్మర్డ్ డివిజన్ ఖాతాలో వేయడం తప్పు. 1971లో బసంతర్ దగ్గర అరుణ్ ఖేతర్‌పాల్ వీరమరణం పొందినప్పుడు ఆయన పూనా హార్స్ అధికారే. కానీ అది 54వ ఇన్‌ఫాంట్రీ డివిజన్ యుద్ధం. సికింద్రాబాద్‌తో బంధమున్న ఆ డివిజన్‌కు దక్కాల్సిన పేరు దానికే దక్కాలి. 1971 యుద్ధంలో 1వ ఆర్మర్డ్ డివిజన్‌ను పంజాబ్‌లో రిజర్వుగా ఉంచారు, పోరులోకి దించలేదు.

అన్నింటికంటే ఎక్కువగా దొర్లే తప్పు 1965 గురించి. ఆ సెప్టెంబరులో రెండు సైన్యాల్లోనూ ‘1వ ఆర్మర్డ్ డివిజన్’ ఉంది. పాకిస్తాన్ 1వ ఆర్మర్డ్ డివిజన్ పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ వైపు దూసుకొచ్చి, 8 నుంచి 10వ తేదీ దాకా అసల్ ఉత్తర్ దగ్గర దెబ్బతింది. అక్కడ పాకిస్తాన్ 97 ట్యాంకులు కోల్పోయిందని మన లెక్క. వాటిని ఓడించింది మన 1వ ఆర్మర్డ్ డివిజన్ కాదు. మేజర్ జనరల్ గుర్‌బక్ష్ సింగ్ 4వ మౌంటెన్ డివిజన్, దానితో కలిసిన 2వ ఇండిపెండెంట్ ఆర్మర్డ్ బ్రిగేడు. ఆ బ్రిగేడులో పాత షెర్మన్లతో పోరాడిన దక్కన్ హార్స్, నిజాం నాటి హైదరాబాద్ కంటింజెంట్ వారసత్వం ఉన్న రెజిమెంటు. గుర్రపు నాడా ఆకారంలో మోహరించిన మన దళాలు, నీళ్లు వదిలి మెత్తబడిన పొలాలు, నిలువెత్తు చెరకు, జీపు మీది 106 ఎం.ఎం. తుపాకీతో పోరాడిన అబ్దుల్ హమీద్, ఇవన్నీ అసల్ ఉత్తర్‌వి. అదే రోజుల్లో మన 1వ ఆర్మర్డ్ డివిజన్ వందకు పైగా కిలోమీటర్ల ఉత్తరాన సియాల్‌కోట్ రంగంలో ఉంది. ఈ రెండు పోరాటాలనూ ఒకే పేరాలో కలిపేసిన పాఠం దేన్నీ చెప్పనట్టే.

సియాల్‌కోట్ రంగంలో దాడికి అధిపతి 1వ కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన బలగం) కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ డన్. డివిజన్‌ను నడిపింది మేజర్ జనరల్ రాజిందర్ సింగ్, సైన్యంలో ‘స్పారో’ అనేవారు. ముందు రాత్రి పదాతి డివిజన్లు సరిహద్దు దాటి చార్వా, మహరాజ్‌కే వంటి ఊళ్లు పట్టాయి. 8 ఉదయం ఆరింటికి ట్యాంకులు వాటిలోంచి బయల్దేరాయి. ఫిల్లోరా, చవిండా మీదుగా సాగి సియాల్‌కోట్–పస్రూర్ దారిని తెంచి, మరాలా–రావి లింకు కాలువ దాకా వెళ్లాలన్నది ఆశ. ముందున్న రెండు రెజిమెంట్లు 16 కావల్రీ, 17 హార్స్ అనే పూనా హార్స్. 16 కావల్రీ పాత మద్రాసు అశ్వికదళం, దక్షిణాది జవాన్ల రెజిమెంటు. గద్‌గోర్ దగ్గర తొలి దెబ్బ తిన్నది అదే. ఆ పేరు మన పాఠాల్లో ఎక్కడా కనిపించదు.

ఆ రోజు ఏం తప్పిందో దాపరికం లేకుండా రాయాలి. రెండు రెజిమెంట్లూ ఒకదానికొకటి సాయం అందించుకోలేనంత ఎడంగా వేర్వేరు దారుల్లో సాగాయి. ఎదురుగా ఉన్నది ముఖ్యంగా ఒకే ఒక ట్యాంకు రెజిమెంటు, లెఫ్టినెంట్ కల్నల్ నిసార్ అహ్మద్ ఖాన్ 25వ కావల్రీ. ఆయన తన ట్యాంకులను వెనక రిజర్వు ఉంచుకోకుండా పొడవాటి వరుసలో పరిచారు. ఎటు చూసినా పాకిస్తాన్ వాడిన అమెరికా ట్యాంకులు, ప్యాటన్లు కనిపించేసరికి ముందున్నది పెద్ద బలగమని మనవాళ్లు అనుకున్నారు. పైగా వాన నీటికి మెత్తబడిన నేలలో 43వ లారీడ్ బ్రిగేడు బండ్లు దిగబడి, ట్యాంకులకు తోడు రావలసిన పదాతి వెనకబడింది. డివిజన్ ఆగి సర్దుకుంది. 9, 10 తేదీలు అలా గడిచాయి. ఆ రెండు రోజుల్లో పాకిస్తాన్ 6వ ఆర్మర్డ్ డివిజన్ వచ్చి నిలబడింది. 8న ఒక రెజిమెంటు ఉన్న చోట 11న ఒక డివిజన్ ఉంది. చవిండా చేజారింది ఆ రెండు రోజుల్లోనే అని మా అభిప్రాయం. తర్వాతి వారం చూపిన సాహసం ఆ లోటును పూడ్చలేకపోయింది.

11న ఫిల్లోరా పోరు మాత్రం డివిజన్ గర్వించదగినది. ఈసారి ఎదురుగా గుద్దుకోలేదు. ట్యాంకులు పక్కగా చుట్టి ఊరి వెనక్కి వెళ్లి, వచ్చే సాయాన్ని అడ్డుకున్నాయి. లారీడ్ బ్రిగేడు జవాన్లు ఊరిని పట్టారు. పూనా హార్స్‌కు ప్రధాన ట్యాంకు దాడి అప్పగించారు. వజీర్‌వాలీ వైపు నుంచి వచ్చిన ఎదురుదాడిలో తారాపూర్ గాయపడ్డారు, వెనక్కి పంపుతామంటే ఒప్పుకోలేదు. 14న వజీర్‌వాలీ, 16న జస్సోరాన్, బుటూర్–డోగ్రాందీ ఊళ్ల మీదికి రెజిమెంటును నడిపించారు. ఆ 16నే, తన ట్యాంకు మళ్లీ మళ్లీ దెబ్బతిన్నా కదలకుండా పోరాడి చనిపోయారు. పరమవీరచక్ర పత్రంలో, ఆయన రెజిమెంటు 60 శత్రు ట్యాంకులను నాశనం చేసి తొమ్మిది కోల్పోయిందని ఉంది. ఈ అంకెలు రాసేటప్పుడు ‘పతక పత్రం ప్రకారం’ అని చేర్చండి. రెండు పక్షాల లెక్కలూ ఈ యుద్ధంలో ఎక్కడా కలవవు. దెబ్బతిన్న ట్యాంకును రాత్రికి రాత్రి లాక్కుపోయి బాగుచేస్తే ఒకరికి అది ‘నాశనం’, మరొకరికి ‘మరమ్మతు’. ఎవరి లెక్కో చెప్పకుండా అంకె వేస్తే అది ప్రచారమవుతుంది.

బుటూర్–డోగ్రాందీలో 8 గఢ్వాల్ రైఫిల్స్ తన కమాండింగ్ ఆఫీసర్ జిరాద్‌ను పోగొట్టుకుని కూడా ఊరిని నిలబెట్టుకోలేకపోయింది. అదే సమయంలో చవిండా మీద పడవలసిన పదాతి దాడి వాయిదా పడటంతో వాళ్లు ఒంటరివాళ్లయ్యారు. 18 రాత్రి 6వ మౌంటెన్ డివిజన్ చేసిన దాడి చీకట్లో అయోమయంలో చెదిరిపోయింది. అప్పటి ట్యాంకులకు రాత్రి చూపు లేదు. పొద్దుగూకితే పెట్రోలు, గుండ్లు నింపుకోవడానికి వెనక్కి వచ్చి గుమిగూడాలి. పగలు గెలిచిన నేలను రాత్రి పట్టుకుని కూర్చోవలసింది పదాతి. ఆ పదాతి చాలినంత లేదు. 23 తెల్లవారుజామున కాల్పులు ఆగేనాటికి అల్హర్ రైల్వేస్టేషన్ మన చేతిలో ఉంది, చవిండా లేదు. 1966 జనవరి 10 తాష్కెంట్ ఒప్పందంతో పట్టిన నేలంతా తిరిగి ఇచ్చేశారు.

ప్యాటన్ ఎందుకు ఓడిందన్న ప్రశ్నకూ సరైన జవాబు ఇవ్వండి. ప్యాటన్ ఎం-48లో 90 ఎం.ఎం. ఫిరంగి, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్, గురి లెక్కకట్టే యంత్రం ఉన్నాయి. మన వైపున్న బ్రిటిష్ తయారీ ట్యాంకు సెంచూరియన్‌లో 20 పౌండర్, అంటే 84 ఎం.ఎం. ఫిరంగి. యాభై టన్నుల బరువు, నెమ్మది నడక, కానీ మందమైన కవచం. ప్యాటన్ రేంజ్‌ఫైండర్ సామర్థ్యం బయటపడేది మైదానంలో, చాలా దూరం నుంచి, బాగా తర్ఫీదైన గన్నర్ చేతిలో. పంజాబ్ పొలాల్లో చెరకు, చెట్లు, మట్టి గోడల మధ్య పోరు చాలావరకు కిలోమీటరు లోపే జరిగింది. అక్కడ కొలిచేవాడి కంటే ముందు చూసి ముందు కాల్చినవాడిది పైచేయి. యంత్రం నాసిరకం అనడమూ, అద్భుతం అనడమూ రెండూ తప్పే.

ఇక కూడళ్లలోనూ పార్కుల్లోనూ దిమ్మెలెక్కిన ట్యాంకుల సంగతి. పేరు రాసే ముందు చక్రాలు లెక్కపెట్టండి. ఒక్కో పక్క ఐదు పెద్ద చక్రాలుండి, మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఖాళీ ఎక్కువగా ఉంటే అది టీ-54 లేదా టీ-55. ఆరు చక్రాలు జంటలు జంటలుగా మూడు గుంపులుంటే సెంచూరియన్. ఆరూ విడివిడిగా ఉండి, మన ఆవడి తయారీ అయితే విజయంత. ప్యాటన్ అయితే ముందుభాగం కుడివైపు మెషిన్‌గన్ రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే ఎం-47, లేకుండా ముందుభాగం గుండ్రంగా ఉంటే ఎం-48. సియాల్‌కోట్ పోరులో మన వైపు టీ-55 లేదు, విజయంత లేదు. కాబట్టి ఆ ట్యాంకుల కింద ‘1965 వీరులు’ అని రాయకండి. రంగు వేయించే ముందు పాత గుర్తులను ఫొటో తీసుకోండి. త్రిభుజం ‘ఎ’ స్క్వాడ్రన్‌ది, చతురస్రం ‘బి’ స్క్వాడ్రన్‌ది, వృత్తం ‘సి’ స్క్వాడ్రన్‌ది, వజ్రం ఆకారం హెడ్‌క్వార్టర్స్‌ది. కాంట్రాక్టరు ఒక్క పూతతో ఆ సాక్ష్యమంతా కప్పేస్తాడు. అడుగున నీళ్లు పోయే బిరడాలు తీసి ఉంచండి. మూతలు మూసి బిరడాలు బిగించిన ట్యాంకు లోపల వాననీరు నిలిచి, పైకి మెరుస్తూనే అడుగు తుప్పు పడుతుంది. సముద్రం ఒడ్డున ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. బరువంతా చక్రాల మీద వదలకుండా ట్యాంకు శరీరం (హల్) కింద దిమ్మెలు కట్టించండి. లేకపోతే చక్రాల రబ్బరు పగిలి ఊడిపోతుంది.

మూసీ వంతెన దగ్గర పెట్టదగిన బోర్డుకు మా నమూనా ఇది. మీ భాషలోకి మార్చుకోవచ్చు, సంగతులు మాత్రం మార్చకండి.

‘1948 సెప్టెంబరులో బెజవాడ నుంచి మేజర్ జనరల్ రుద్ర దళం ఈ దారిన హైదరాబాద్ వైపు సాగింది. 2/5 గూర్ఖా రైఫిల్స్, పూనా హార్స్ స్క్వాడ్రన్ ఇందులో ఉన్నాయి. సూర్యాపేటకు ఆరు కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్ 1వ లాన్సర్స్, 5వ ఇన్‌ఫాంట్రీ వీరిని ఎదుర్కొన్నాయి. వెనక్కి తగ్గుతూ హైదరాబాద్ దళాలు మూసీ వంతెనను కూల్చాయి. భారత ఇంజనీర్లు బాగుచేసి దాటారు. 1వ లాన్సర్స్‌లో పనిచేసిన ఎ.బి. తారాపూర్ 1951లో పూనా హార్స్‌లో చేరి, 1965లో దాన్ని నడిపిస్తూ సియాల్‌కోట్ రంగంలో మరణించారు. పరమవీరచక్ర.’

మిగతా ఐదు చోట్లకూ ఇలాంటి పాఠం రాసిస్తాం. పాఠ్యపుస్తకం ప్రూఫులు అచ్చుకు వెళ్లే ముందు పంపితే తేదీలు, దళాల పేర్లు, దూరాలు సరిచూసి తిరిగి ఇస్తాం. దానికి పైసా అక్కర్లేదు.

ఇట్లు,
సైనిక చరిత్ర చదివే, బోధించే కొందరు తెలుగువాళ్లు